నిప్పు, నీళ్ళు, నిధులు: దళితవాడల్లో అగ్నిభద్రతకు ఖర్చు పెట్టిందెవరు?

ఏటా ఏప్రిల్ 14న మన పట్నాల్లో రెండు కార్యక్రమాలు జరుగుతాయి. ఒకటి అందరికీ తెలిసిందే. అంబేద్కర్ విగ్రహానికి దండలు, ఊరేగింపు, సభ. రెండోది ఫైర్ స్టేషన్ ఆవరణలో జరుగుతుంది. విధి నిర్వహణలో చనిపోయిన అగ్నిమాపక సిబ్బందికి శ్రద్ధాంజలి, ఆ రోజు నుంచి 20వ తేదీ దాకా అగ్నిమాపక వారోత్సవాలు, బడిపిల్లల ముందు మంటలార్పే ప్రదర్శన, కరపత్రాలు. ఎర్ర బండ్లు బయటికొస్తాయి, గంట కొడుతూ బజార్లు తిరుగుతాయి. చాలా ఊళ్ళల్లో ఈ రెండు కార్యక్రమాల మధ్య దూరం ఒక ఫర్లాంగు కూడా వుండదు. అయినా ఇక్కడివాళ్ళు అక్కడికి పోరు, అక్కడివాళ్ళు ఇక్కడికి రారు.

తేదీ ఒకటే కావడం కాకతాళీయమే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. దాంట్లో పత్తి బేళ్ళు వున్నాయి, వాటితో పాటే సుమారు 1400 టన్నుల పేలుడు సామగ్రి వుంది. మంటలార్పడానికి వెళ్ళిన వాళ్ళలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది పేలుళ్ళల్లో చనిపోయారు. డాకు కూలీలు, చుట్టుపక్కల బస్తీల జనం ఎన్నో వందల మంది పోయారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశమంతటా ఆ తేదీనే అగ్నిమాపక దినంగా పాటిస్తున్నారు. ఆ రోజుకు అంబేద్కర్‌కు 53 ఏళ్ళు నిండాయి. అప్పుడాయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్న సభ్యుడు.

కాకతాళీయమని చెప్పి వదిలేయొచ్చు. కానీ మా దృష్టిలో ఈ తేదీ ఒక ప్రశ్నను మన ముందు పెడుతోంది. ఇంటింటికీ వెళ్ళి, తలుపు కొట్టి, నిప్పు విషయంలో ఏం చేయాలో ఏం చేయకూడదో చెప్పే పనికి ఈ దేశంలో ఎవరైనా డబ్బు పెట్టారా? పెడితే ఏ ఇళ్ళ దాకా పెట్టారు? దళితవాడ దాకా ఆ డబ్బు నడిచి వచ్చిందా? అత్యాచారాల చరిత్ర మనం రాసుకున్నాం. భూమి చరిత్ర, కూలి చరిత్ర కొంత రాసుకున్నాం. పొయ్యి చరిత్ర, చూరు చరిత్ర మాత్రం రాసుకోలేదు.

ముందు ఇంటి సంగతి చూద్దాం. కోస్తా జిల్లాల్లో తాటాకు, మరికొన్ని చోట్ల రెల్లు, బోద, వరిగడ్డి. నిట్టాడి మీద దూలం, దూలం మీద వాసాలు, పైన కప్పు. చూరు ఎంత కిందికి వుంటుందంటే మనిషి వంగి లోపలికి పోవాలి. ఆ వంగే చోటికి ఒక మూర దూరంలోనే పక్కింటి చూరు. లోపల మూలన మూడు రాళ్ళ పొయ్యి. పొయ్యిలోకి పత్తి కట్టె, కందికట్టె, కొబ్బరి మట్ట, తుమ్మ కంప, ఏది దొరికితే అది. దీపానికి కిరసనాయిలు బుడ్డి. మార్చి నుంచి మే దాకా పడమటి గాలి. ఒక రవ్వ లేస్తే చాలు, ఎన్ని ఇళ్ళు పోతాయనేది గాలి దయ.

దీన్ని చూసి "ఇరుకు" అంటారు అధికారులు. ఆ ఇరుకు ఎట్లా వచ్చిందో చెప్పరు. తరాలు పెరిగినా వాడకు స్థలం పెరగలేదు. చుట్టూ వున్న పొలం భూస్వామిది. కొడుక్కి పెళ్ళయితే తండ్రి చూరుకు ఆనించి ఇంకో చూరు దించడం తప్ప దారి లేదు. అందుకే ఊళ్ళో ఒక ఇంటికి నిప్పంటుకుంటే ఒక ఇల్లు కాలుతుంది, వాడలో ఒక ఇంటికి అంటుకుంటే వరస కాలుతుంది. నిప్పుకు కులం లేదనే మాట చాలామంది చెప్తారు. నిప్పుకు లేకపోవచ్చు, ఇంటి స్థలానికి వుంది.

నీళ్ళ సంగతీ అంతే. మంటలార్పే శాస్త్రంలో మొదటి పాఠం నీళ్ళు ఎంత దగ్గర్లో వున్నాయన్నది. ఊరబావి తాకనివ్వని కాలంలో వాడ తగలబడితే కుంట దాకా పరుగెత్తాలి, ఎండాకాలంలో కుంట ఎండిపోయి వుంటుంది. 1927లో మహద్ చవదార్ చెరువు దగ్గర జరిగిన పోరాటాన్ని మనం తాగునీటి హక్కుగా, మనిషి గౌరవంగా చదువుకున్నాం, సరిగానే చదువుకున్నాం. ఆ హక్కు లేనివాళ్ళకు మంటలార్పుకునే హక్కు కూడా లేదనేది దాని వెనకే వుంది.

మరి వాడకు నిప్పు జాగ్రత్త తెలియదా? తెలియకపోతే ఆ గుడిసెల్లో ఒక్క ఎండాకాలం కూడా గడిచేది కాదు. పనికి పోయేముందు పొయ్యిలో కొరకంచు తీసి నీళ్ళు చల్లడం, గాలి ఎక్కువగా వుంటే తడక అడ్డం పెట్టడం లేదా పొయ్యి ముట్టించడమే మానడం, బుడ్డిని చూరు కింద కాకుండా గూట్లో పెట్టడం, గడ్డివామిని ఇంటికి ఎడంగా వేయడం, మంట లేస్తే పక్కింటి కప్పు ముందుగా పీకి పడేయడం. వీటిని ఏ శాఖా నేర్పలేదు. ఆడవాళ్ళు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. అందుకని "అవగాహన కల్పించడం" అనే మాట ఎవరైనా అంటే మేము కొంచెం జాగ్రత్తగా వింటాం. అవగాహన లేనిది వాడలోనా, వాడను ఇట్లా వుంచిన వాళ్ళలోనా అన్నది ముందు తేలాలి.

ఇక ప్రభుత్వ చరిత్ర. తెల్లవాళ్ళ కాలపు చట్టాల్లో నిప్పు గురించి వున్నదంతా దాదాపు నిషేధాల భాషలోనే వుంది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో గడ్డి, ఆకులు, చాపల్లాంటి అంటుకునే వస్తువులతో కప్పు వేయకూడదు, వేయాలంటే అనుమతి కావాలి అనే నిబంధన వుంది. పెంకు కొనే స్తోమత లేనివాడికి ఆకు వేయొద్దని చెప్తే దాని అర్థమేంటి? పట్నంలో నువ్వు వుండొద్దని. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో లేబర్ కమిషనర్ ఏర్పడి, పంచముల కోసం ఇళ్ళ స్థలాలు, బావులు, బాటలు అనే పని మొదలైంది. దానికిచ్చిన డబ్బు తక్కువే. అయినా మా లెక్కలో ఆ ఇళ్ళ స్థలం, ఆ బావి తెలుగు నేల మీద దళితవాడకు అందిన మొదటి అగ్నిభద్రత నిధులు. వాటిని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో ఆకు కప్పును నేరం చేసింది, ఇంకో చేత్తో చూరుకూ చూరుకూ మధ్య కాస్త జాగా ఇచ్చింది. రెండో చెయ్యి ఎప్పుడూ బిగబట్టినదే.

హైదరాబాద్ వైపు నుంచి ఒక ముఖ్యమైన పేరు వుంది. మన విద్యార్థులకు అది పెద్దగా తెలియదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లేబరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు పొగలేని పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం వేశాడు. పొగ, మసి, వేడి, కట్టెల వృధాతో పాటు అగ్నిప్రమాద భయం నుంచి కూడా ఆడవాళ్ళకు విముక్తి కావాలన్నది ఆయన వాదన. మట్టితో కట్టుకునే పొయ్యి, పొగ గొట్టం. ఖరీదు పెద్దగా లేదు. ఈ ఆలోచన ప్రభుత్వ కార్యక్రమంగా మారడానికి 30 ఏళ్ళు పట్టింది. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టేనాటికి రాజు చెప్పిన వాటిల్లో కట్టెల ఆదా, అడవుల రక్షణ ముందుకొచ్చాయి. అగ్నిభయం వెనక్కి పోయింది. ఎన్ని పొయ్యిలు కట్టారన్న లెక్కకే ప్రాధాన్యం దక్కింది. కట్టిన పొయ్యిని వాడుతున్నారా, గొట్టం చూరుకు ఎంత దూరంలో వుంది, చీలిక వస్తే ఎవరు అతుకు వేస్తారు అని మళ్ళీ తలుపు కొట్టి అడగడానికి డబ్బు లేదు. 2002లో కార్యక్రమమే ఆపేశారు. ఆకు కప్పులోంచి గొట్టం పైకి పోనిస్తే ఏమవుతుందో ఏ తల్లిని అడిగినా చెప్పేది. అడగాలి గదా!

నిజం చెప్పుకోవాలంటే ఈ దేశంలో దళితుల ఇళ్ళను నిప్పు నుంచి కాపాడిన పెద్ద పథకం అగ్నిమాపక శాఖది కాదు. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనది. మొదట్లో అది దళితులకూ ఆదివాసులకూ వెట్టి నుంచి విడిపించిన కూలీలకూ మాత్రమే. 1993-94లో ఇతర పేదలకు విస్తరించారు. ఆ ఇంట్లో పొగలేని పొయ్యి కూడా భాగంగా వుండాలన్నది నియమం. దాంతో పాటు మన రాష్ట్రంలో బలహీన వర్గాల గృహనిర్మాణం. లంచాలు, సగంలో ఆగిన గోడలు, కారే శ్లాబులు, ఈ విమర్శలన్నీ వున్నాయి, వుండాల్సిందే. కానీ తాటాకు పోయి పెంకో రేకో శ్లాబో వచ్చిన వాడలో వరస ఇళ్ళు తగలబడటం ఆగింది. దీనికి ఉపన్యాసం అవసరం రాలేదు.

అట్లాగని నిప్పు ఇంట్లోంచి వెళ్ళిపోలేదు, రూపం మార్చుకుంది. 1988-89లో కుటీర జ్యోతి పేరుతో ఒక్క బల్బు కనెక్షన్ వచ్చింది. ఆ ఒక్క తీగ నుంచి ఫ్యాను, టీవీ, తర్వాత సెల్‌ఫోను చార్జర్లు. కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. "స్టవ్ పేలింది" అన్న మాట వెనక ఎంతమంది కోడళ్ళ హత్యలు దాక్కున్నాయో స్త్రీల ఉద్యమాలు బయటపెట్టాయి. 1999లో దీపం పథకంతో డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకు గ్యాసు వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. గుడిసెలో నిప్పు కంటికి కనిపించేది. గ్యాసు కనిపించదు. తరతరాల జ్ఞానం ఇక్కడ పనికిరాదు. వాసన వస్తే లైటు స్విచ్చి వేయకూడదు, ఆర్పకూడదు కూడా. రెగ్యులేటరు కట్టేయాలి, తలుపులు తెరవాలి, సిలిండరు ఎప్పుడూ నిలబెట్టే వుంచాలి, స్టవ్వు దానికన్నా ఎత్తులో వుండాలి, గొట్టం అయిదేళ్ళకు మార్చాలి. ఇవి ఎవరో ఒకరు ఇంటికొచ్చి చేసి చూపించాల్సిన విషయాలే.

ఇక్కడే మాకు నిధుల చరిత్రలో ఒక విలువైన అంకె దొరికింది. ఉజ్వల మొదలైనప్పుడు ప్రభుత్వం ఒక్కో కనెక్షన్‌కు ఇచ్చిన 1600 రూపాయల లెక్క ఇట్లా వుంది. సిలిండరు డిపాజిట్ 1250, రెగ్యులేటరు 150, గొట్టం 100, కార్డు 25, తనిఖీ చేసి బిగించి వాడకం చూపించడానికి 75. అంటే ఒక పేద ఇంటి తలుపు కొట్టి నిప్పు గురించి నేర్పే పనికి 75 రూపాయల ధర కట్టారు. ఈ దేశంలో ఆ పనికి ఇంటి లెక్కన పేరు పెట్టి డబ్బు కేటాయించిన సందర్భం మాకు తెలిసి ఇంకొకటి లేదు. ఆ 75 రూపాయలు పంపిణీదారుకు చేరాయి. మనిషి ఇంటికొచ్చి చూపించాడా, లేక డీలరు షాపు ముందు వరసలో నిలబెట్టి ఫోటో తీసి పంపించారా? మీ వాడలో మీరే అడిగి చూడండి. విద్యార్థులకు ఇంతకన్నా మంచి సర్వే ప్రశ్న లేదు.

ఇప్పటిదాకా ప్రమాదం గురించే మాట్లాడాం. దళితులకు నిప్పు ప్రమాదం మాత్రమే కాదు, శిక్ష కూడా. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టారు. అదే ఏడాది డిసెంబర్ 25 రాత్రి తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో ఒక్క గుడిసెలో 44 మందిని కాల్చేశారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. కూలి ఎక్కువ అడిగినందుకు. మద్రాసు హైకోర్టు భూస్వాములను వదిలేసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఈ చరిత్ర నుంచే నేర్చుకుంది. దాని 3(2) సెక్షన్‌లో దళితుల ఆస్తికి నిప్పు పెట్టడాన్ని ఒక నేరంగా, నివాసమున్న ఇంటిని తగలబెట్టడాన్ని యావజ్జీవ శిక్ష పడే నేరంగా విడివిడిగా చెప్పారు.

ఇప్పుడు ప్రభుత్వ లెక్కల పుస్తకాలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. జాతీయ నేర నమోదు సంస్థ వేసే నేరాల పుస్తకంలో దళితుల ఇళ్ళకు నిప్పు పెట్టిన కేసులకు లెక్క వుంది. అదే సంస్థ వేసే ప్రమాద మరణాల పుస్తకంలో కులం గడే లేదు. 2022లో అగ్నిప్రమాదాల్లో 7,435 మంది చనిపోయారని అందులో వుంది. సగానికి పైగా ఇళ్ళల్లోనే. ఆడవాళ్ళెందరో, మగవాళ్ళెందరో, ఏ వయసువాళ్ళో తెలుస్తుంది. ఎవరి ఇళ్ళో, ఎట్లాంటి కప్పు కిందో తెలియదు. అంటే ఇంకొకడు నిప్పు పెడితేనే మనం దళితులం, మన పొయ్యిలోంచి లేస్తే ఉత్త పౌరులం. లెక్కలో లేనిదానికి బడ్జెట్‌లో గడి ఎట్లా వస్తుంది?

లెక్క లేకపోయినా బూడిదకు మాత్రం డబ్బుంది. తొమ్మిదో ఫైనాన్స్ కమిషన్ సిఫార్సుతో 1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడింది. తర్వాతి నిబంధనల్లో తుఫాను, కరువు, భూకంపం, వరద, వడగళ్ళ సరసన నిప్పును కూడా ప్రకృతి వైపరీత్యంగా చేర్చారు. పరిహారం దక్కుతుంది కాబట్టి మనవాళ్ళు దీన్ని పెద్దగా ప్రశ్నించలేదు. మేము ప్రశ్నిస్తాం. వాడలో నిప్పు ప్రకృతి చేసింది కాదు, చూరుకూ చూరుకూ మధ్య జాగా లేకుండా చేసిన వాళ్ళది. సరే, పరిహారం ఎంత? కాలిపోయిన గుడిసెకు 2015 నిబంధనల ప్రకారం 4,100 రూపాయలు, 2022 నుంచి 8,000. ఎమ్మార్వో వస్తాడు, జాబితా రాస్తాడు, బియ్యం, దుప్పట్లు ఇస్తారు, పేపర్లో ఫోటో వస్తుంది. అదే ఊరికి ఆ మంట లేవకముందు ఒక మనిషిని పంపడానికి ఈ నిధి నుంచి పైసా తీయడానికి చాలా ఏళ్ళ పాటు వీల్లేదు. తక్షణ సహాయానికే వాడాలి, ముందుజాగ్రత్తకు వాడరాదని నియమం రాసిపెట్టారు.

ముందుజాగ్రత్తకు డబ్బు పెట్టనప్పుడు ఏం చేస్తారో బీహార్ చూపించింది. 2016 ఏప్రిల్‌లో వరసగా పల్లెలు తగలబడుతుంటే, పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా పల్లెల్లో పొయ్యి ముట్టించొద్దని అక్కడి ప్రభుత్వం చెప్పింది. అగ్నిభద్రతకు ఇంతకన్నా చవకైన పథకం వుండదు. పేదవాణ్ణి వండుకోవద్దంటే సరిపోయింది.

ఇంటింటి ప్రచారం అసలు పనిచేస్తుందా అనే అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు మన దగ్గర లేదు, ఎందుకంటే ఎవరూ చేసి కొలవలేదు. అమెరికాలో కొలిచారు. 1973లో అక్కడి జాతీయ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. అగ్నిమాపక సేవలకు పెట్టే ప్రతి డాలర్‌లో 95 సెంట్లు మంటలార్పడానికి, 5 సెంట్లు మాత్రమే మంట లేవకుండా చూడటానికి పోతున్నాయని అది తేల్చింది. అదే దశకంలో న్యూయార్క్‌లో నల్లవాళ్ళూ పోర్టోరికన్‌లూ వుండే పేద వాడలు తగలబడుతుంటే, ఖర్చు తగ్గించే పేరుతో ఆ వైపు అగ్నిమాపక దళాలనే మూసేశారు. కాబట్టి అమెరికాను ఆదర్శంగా చూపించడం మా ఉద్దేశం కాదు.

1990లో ఓక్లహోమా సిటీలో ఒక పని జరిగింది. ఆసుపత్రి పాలైన, చనిపోయిన కేసులన్నీ పటం మీద గుర్తిస్తే, 24 చదరపు మైళ్ళ ఒక ప్రాంతంలో ఇంటి మంటల్లో గాయపడేవాళ్ళ రేటు మిగతా నగరం కన్నా 4.2 రెట్లు ఎక్కువని తేలింది. ఆదాయం తక్కువ, ఇళ్ళు నాసిరకం. ఆ ప్రాంతంలోనే ఇంటింటికీ తిరిగి 9,291 ఇళ్ళకు 10,100 పొగ హెచ్చరిక గంటలు ఉచితంగా ఇచ్చారు. తర్వాతి నాలుగేళ్ళల్లో ఆ ప్రాంతంలో గాయాల రేటు లక్షకు 15.3 నుంచి 3.1కి పడిపోయింది. మిగతా నగరంలో తగ్గలేదు సరికదా కొంచెం పెరిగింది. మొత్తం ఖర్చు సుమారు 5 లక్షల 31 వేల డాలర్లు, దానివల్ల మిగిలింది కోటిన్నర డాలర్లకు పైనే అని 2001లో లెక్క కట్టారు. 2001 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వం అగ్నిమాపక దళాలకు గ్రాంట్లు ఇస్తోంది. వాటిల్లోనే నివారణకు, ఇంటింటి పనికి ఒక విడి పద్దు పెట్టారు.

రెండో ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. లండన్ లోపలి పేద వార్డుల్లో 20,050 గంటలు పంచారు. 2002లో ఫలితం చూస్తే గాయాలు తగ్గలేదు. ఇచ్చిన గంటల్లో చాలా వాటిని బిగించలేదు, బిగించినవాటిని ఎవరూ చూసుకోలేదు. ఓక్లహోమాకూ లండన్‌కూ మధ్య తేడా మనకు కొత్త కాదు. వస్తువు పంచి వచ్చేస్తే లక్ష్యం పూర్తయిందని రాసుకునే అలవాటు మన పొయ్యిల పథకంలోనే చూశాం. ఆ గంటలే మనక్కావాలని మేము అనడం లేదు. కట్టెల పొయ్యి వున్న ఒంటిగది ఇంట్లో పొగ గంట పెడితే అది పూటకోసారి మోగుతుంది, మూడోరోజు పిల్లలు పీకి ఆడుకుంటారు. మనం తీసుకోవాల్సింది వాళ్ళ పద్ధతి. ఎవరు ఎక్కడ కాలిపోతున్నారో ముందు లెక్క తీయడం, డబ్బును అక్కడికే పంపడం, తలుపు దాకా మనిషిని పంపడం, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి చూడటం.

ఇప్పుడు మన దగ్గర డబ్బు లేదా అంటే వుంది. పదిహేనో ఫైనాన్స్ కమిషన్ 2021-26 కాలానికి విపత్తుల నిధిని విడగొట్టింది. 80 శాతం సహాయానికి, 20 శాతం నష్టం తగ్గించే పనులకు. ఆ 80లో కూడా 10 శాతం సన్నద్ధతకు, శిక్షణకు. పాత గోడ కొంత కూలింది. ఈ సన్నద్ధత పద్దులోంచే 2023 జులైలో కేంద్రం అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ పేరుతో 5,000 కోట్ల పథకం ప్రకటించింది. రాష్ట్రాలు 25 శాతం వేసుకోవాలి. పేరులోనే దాని మనసు కనిపిస్తోంది. స్టేషన్లు, బండ్లు, పరికరాలు. అవి వద్దని ఎవరంటారు? కానీ పట్నం నుంచి బయల్దేరిన బండి ఎంత ఆధునికమైనదైనా తాటాకు కాలే వేగానికి అందదు. ఆ డబ్బులో ఒక చిన్న భాగం బండి ఎక్కకుండా కాలినడకన వాడకు రావాలి.

దీనికి రాజ్యాంగంలోనే ఒక అడ్డంకి వుంది. 1992 సవరణలతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో, అంటే మునిసిపాలిటీల జాబితాలో, అగ్నిమాపక సేవలు వున్నాయి. పంచాయతీల పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో అవి లేవు. గ్రామీణ గృహనిర్మాణం, ఇంధనం, తాగునీరు, విద్యుదీకరణ, షెడ్యూల్డు కులాల సంక్షేమం అన్నీ వున్నాయి. నిప్పుకు కారణమయ్యేవన్నీ పంచాయతీకి ఇచ్చారు, నిప్పును మాత్రం ఇవ్వలేదు. కాబట్టి సర్పంచ్‌ని అడిగితే నాది కాదంటాడు, ఫైర్ ఆఫీసరు బండి వున్నచోటి గురించి చెప్తాడు.

మన మిత్రుల్లో కొందరి ప్రతిపాదన ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2013 సబ్‌ప్లాన్ చట్టం వుంది, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వుంది, ఇంటింటి అగ్నిభద్రతకు అందులోంచే తీసుకుందాం అని. మేము దీన్ని ఒప్పుకోం. సబ్‌ప్లాన్ డబ్బును రోడ్లకూ ఫ్లైఓవర్లకూ మళ్ళించారనే గదా ఆ చట్టం కోసం అంత పోరాటం జరిగింది. అగ్నిమాపక శాఖ అందరి పన్నులతో నడిచే శాఖ. అపార్ట్‌మెంటు వాళ్ళకు వారోత్సవాల పాఠం చెప్పడానికి ఏ కులం నిధీ అడగని శాఖ, వాడకు రావడానికి మాత్రం దళితుల నిధి అడగడమేంటి? శాఖ పని శాఖ డబ్బుతో, విపత్తు సన్నద్ధత నిధితో జరగాలి. సబ్‌ప్లాన్ నుంచి ఇళ్ళ స్థలం, పక్కా కప్పు, వాడలో బోరు, సరైన వైరింగ్ రావాలి. ఈ రెండు పద్దులను కలిపేస్తే, పది కరపత్రాలు పంచి కోటి రూపాయలు సబ్‌ప్లాన్ కింద రాసేస్తారు.

తలుపు కొట్టేదెవరన్నది ఇంకో గొడవ. యూనిఫారం వేసుకున్న మగవాళ్ళు మధ్యాహ్నం వస్తే వాడలో ఎవరుంటారు? ముసలివాళ్ళు, పిల్లలు. పొయ్యి దగ్గరుండే మనిషి కూలికి పోయి వుంటుంది. వాడ ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి సాయంత్రాలు తిప్పడం ఒక్కటే దారి. అప్పుడు వెంటనే "వాలంటీర్లు" అన్న మాట వస్తుంది. స్వచ్ఛందం, సేవ, టోపీ, సర్టిఫికెట్. వెట్టి చేసిన జాతికి ఈ మాట అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు. ఇంటికి 75 రూపాయల ధర ప్రభుత్వమే 2016లో కట్టింది. 200 ఇళ్ళ వాడకు ఒకసారి తిరిగితే 15,000 రూపాయలు, ఏడాది తర్వాత మళ్ళీ తిరిగితే ఇంకో 15,000. మొత్తం 30,000. అదే వాడలో నాలుగు గుడిసెలు కాలితే 8,000 చొప్పున ఇవ్వాల్సింది 32,000. ఈ చిన్న లెక్క ఏప్రిల్ 14న ఏ ఫైర్ ఆఫీసర్ ముందైనా పెట్టొచ్చు.

ఒక్క షరతు ముందుగానే రాయించుకోవాలి. ఇంటింటికీ వెళ్ళేవాళ్ళు ఏదో ఒక కాగితం నింపుతారు. కప్పు ఏంటి, తీగ ఎట్లా వుంది, దారి ఎంత వెడల్పు. పట్నం బస్తీల్లో ఇట్లాంటి జాబితాలు 1920 చట్టపు బుద్ధితోనే చదువుతారు. "ప్రమాదకరం" అని రాసిన ఇల్లు మరుసటి ఏడాది "అక్రమం" అవుతుంది, ఆ తర్వాత బుల్డోజర్ వస్తుంది. కాబట్టి ఆ రిజిస్టరు మునిసిపల్ టౌన్‌ప్లానింగ్ విభాగానికి పోకూడదు. ఇంటివారి సంతకం లేకుండా ఏ గడీ నింపకూడదు. ఒక ప్రతి వాడ సంఘం దగ్గర వుండాలి. ప్రమాదకరమని రాసిన ప్రతి ఇంటి ఎదురుగా, దాన్ని బాగుచేయడానికి ఏ పద్దు నుంచి ఎంత, ఏ తేదీలోగా అనేది అదే వరసలో రాయాలి.